తోలుబొమ్మ నుంచి టాకీ దాకా: చూపు లేని విద్యార్థులతో నడిపిన ఒక కోర్సు

అనంతపురం వైపు చూపు లేని విద్యార్థులు ఉండి చదువుకునే ఒక హాస్టల్లో సాయంత్రం పూట కళలు, చరిత్ర, సినిమా కలిపి ఒక కోర్సు నడిపాను. అందరూ ఇంటర్, డిగ్రీ చదివేవాళ్ళే. కొందరికి పుట్టుకతోనే చూపు లేదు, కొందరికి చిన్నప్పుడు ఉండి తర్వాత పోయింది, ఇంకొందరికి కొద్దిగా ఉంది, అంటే వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, అక్షరాలు బాగా పెద్దవైతే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుతారు. ఈ మూడు రకాలవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పాలి. అది ఎలా చేశాం, ఏది పట్టుకుంది, ఎందుకు పట్టుకుంది అన్నది వివరంగా రాస్తున్నాను, ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకు, లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళకు ఉపయోగపడుతుందని.

మామూలుగా వీళ్ళకు చరిత్ర పాఠం ఎలా అందుతుందో ముందు చెప్పాలి. ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని చదువుతారు. బొమ్మ వచ్చిన చోట "ఇక్కడ ఒక ఫొటో ఉంది" అని పేజీ తిప్పేస్తారు. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళు ఆ ఫొటోను వర్ణిస్తారు. వర్ణన కావాల్సిందే, కానీ మొదటే వర్ణన ఇస్తే ఆ వస్తువు గురించి వర్ణించేవాళ్ళు ఏమనుకుంటున్నారో అదే విద్యార్థి మనసులో కూర్చుంటుంది, తనకంటూ ఒక అభిప్రాయం పుట్టే చోటు మిగలదు. అందుకే ఈ కోర్సుకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ముందు చేతికి, తర్వాత చెవికి, ఆ రెండూ అయ్యాకే టీచర్ మాట. పాఠాన్ని ఈ వరసలో నడపాలంటే విషయం కూడా అందుకు ఒప్పుకోవాలి కదా. గాజు అద్దాల వెనక పెట్టి, ముట్టుకోవద్దని బోర్డు తగిలించిన వాటితో మొదలుపెట్టలేం.

దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది, ధర్మవరం దగ్గర. తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆ వార్త మా విద్యార్థుల్లో చాలామంది విన్నారు, బొమ్మను మాత్రం ఒక్కరూ చేతితో పట్టుకోలేదు. ఇంత పక్కనే ఉన్న కళ వీళ్ళకు అందకపోవడం నాకు చాలా బాధనిపించింది. తోలుబొమ్మతో మొదలుపెడదాం అని అప్పుడే నిర్ణయించుకున్నాను. దాన్ని ఎంచుకోవడానికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. తోలుబొమ్మలాడించే కుటుంబాల నుంచే సురభి నాటకం పుట్టింది, సురభి నాటకం నుంచి తెలుగు టాకీకి, అంటే మాటలున్న సినిమాకు, మొదటి నటులు వెళ్ళారు. కళ, చరిత్ర, జనం రోజూ మాట్లాడుకునే సినిమా, మూడూ ఒకే గొలుసులో దొరుకుతాయి. ఒకదాన్ని చేత్తో పట్టుకుంటే మిగతా రెండూ వెంట వస్తాయి.

బొమ్మ చేతికి వచ్చిన రోజు

నిమ్మలకుంట వైపు నుంచి ఒక పెద్దాయన తన బొమ్మలతో వచ్చారు. పిల్లలంతా ఆయన్ని తాతా అనే పిలిచారు. మొదట నేను ఆయనతో విడిగా మాట్లాడాను, ఎందుకంటే ఆడించేవాళ్ళకు ఇవి వట్టి వస్తువులు కావు, పాతబడి పనికిరాకుండా పోయిన బొమ్మను కూడా పారేయరు, నదిలో నిమజ్జనం చేసే ఆనవాయితీ ఉంది. రాముడి బొమ్మను ఇంతమంది తడిమి చూడడం ఆయనకు ఇష్టమేనా అని అడిగాను. చేతులు కడుక్కుని రమ్మనండి చాలు, అన్నారు. క్లాసులో ఒకమ్మాయి బొమ్మ చిరిగిపోతుందేమోనని వేళ్ళ కొసలతో తాకుతుంటే, "గట్టిగా పట్టుకో పాపా, తోలు ఇది, కాగితం కాదు" అన్నారు. ఆ మాటతో గదిలో టెన్షన్ అంతా పోయింది.

నేను ఒక్క మాట కూడా చెప్పకుండా బొమ్మను చేతికిచ్చాం. ఇద్దరికి ఒక బొమ్మ. మనిషంత ఎత్తుకు దగ్గరగా ఉండే బొమ్మలు ఇవి, ఒళ్ళో పట్టవు, నేల మీద పరిచి మోకాళ్ళ మీద కూర్చుని తడమాలి. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో ముడివేసిన కీళ్ళు ఉంటాయి, అవి కదులుతాయని తెలియగానే ముందు అందరూ చేతులు ఊపడం మొదలుపెట్టారు. నర్తకి బొమ్మకు కీళ్ళు ఎక్కువ, అందుకే అది డాన్స్ చేస్తుంది, రాజు బొమ్మకు అన్ని అక్కర్లేదు. ఈ సంగతి నేను చెప్పకముందే ఒక కుర్రాడు చెప్పేశాడు. బొమ్మను బట్టి పాత్ర ఏం చేస్తుందో ఊహించడం, కళను అర్థం చేసుకోవడంలో నాకు తెలిసి ఇదే మొదటి మెట్టు.

తర్వాత అసలు కష్టమైన భాగం. తోలుబొమ్మలాట నీడల ఆట, వెలుగు ఆట. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే అది పల్చబడి వెలుతురును లోపలికి రానిస్తుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే తెర మీద రంగుల నీడ పడుతుంది. పుట్టుకతో చూపు లేనివాళ్ళకు ఇది ఎలా చెప్పాలి?

మేం చేసింది ఇది. బొమ్మ నగల మీద వేలు పెట్టమన్నాం. హారాలు, కిరీటం, చీర అంచు అంతా వరసగా చిన్న చిన్న రంధ్రాలు. ఎక్కడ వేలికి రంధ్రం తగులుతుందో అక్కడి నుంచి వెలుగు నేరుగా బయటికి వస్తుంది, అందుకే తెర మీద నగలు మెరుస్తాయి, రంధ్రం లేని చోట తోలు గుండా వడకట్టినట్టు వస్తుంది, అక్కడ రంగు కనిపిస్తుంది. వేలు దూరే చోటు, దూరని చోటు అన్న తేడాతో వెలుగు పని అర్థమైపోయింది. ఉలులు రకరకాల ఆకారాల్లో ఉంటాయి, గుండ్రంగా, చుక్కలా, ఆకులా. వాటిని చేతిలో పట్టుకుని, ఏ ఉలితో ఏ నగ కొట్టారో జత చేయమంటే గంటసేపు ఎవరూ లేవలేదు.

ఇక తెర. తెల్లటి పంచెలాంటి గుడ్డను బిగించి కట్టి, వెనక ఒక బల్బు పెట్టాం, తాత బొమ్మను గుడ్డకు ఆనించి ఆడించారు. విద్యార్థులు ఈ పక్క నిలబడి తెర మీద అరచేతులు పరిచారు. గుడ్డ వెనక బొమ్మ అంచు జారుతూ పోవడం, చెయ్యి పైకి లేవడం, తల వంగడం అంతా అరచేతికి తెలుస్తుంది. బొమ్మను కాస్త వెనక్కి తీస్తే అరచేతికి ఏమీ తగలదు, అప్పుడే తెర మీద నీడ కూడా మసకబారుతుంది. దగ్గరగా ఉంటే స్పష్టం, దూరం జరిగితే మసక. కంటితో చూసేవాళ్ళకు ఏ మార్పు కనిపిస్తుందో అదే మార్పు అదే క్షణంలో అరచేతికి కూడా అందింది. కొద్దిగా చూపు ఉన్నవాళ్ళు తెరకు బాగా దగ్గరగా వచ్చి రంగులు చూస్తూ పక్కవాళ్ళకు చెప్పారు, ఇది ఎరుపు, ఇది ఆకుపచ్చ అని. చూపు పోకముందు రంగులు చూసినవాళ్ళకు ఆ మాట చాలు. పుట్టుకతో లేనివాళ్ళ కోసం రంగును వేడితోనో వాసనతోనో పోల్చి చెప్పే అలవాటు చాలామందికి ఉంది, నేను మాత్రం చేయను. ఎరుపును కారంతో పోలిస్తే కారం గుర్తొస్తుంది, అంతే. ఆ రంగు ఏ పాత్రకు వేస్తారు, ఎందుకు వేస్తారు అని చెబితే అది నిజంగా పనికొచ్చే సమాచారం.

చెవికి వచ్చేసరికి పని తేలికైంది. తోలుబొమ్మలాటలో సగం ఆట శబ్దమే. హార్మోనియం, మృదంగం, తాళాలు, కాళ్ళ గజ్జెలు. తెర వెనక నేల మీద చెక్కపలకలు వేసి, యుద్ధం వచ్చిందంటే వాటి మీద దబదబా తొక్కుతారు. ఇంటి ఆడవాళ్ళు స్త్రీ పాత్రలకు గొంతిస్తారు, పద్యాలు పాడతారు. నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తే గొంతు మారిపోతుంది, మాట మోటుగా ఉంటుంది, జనం నవ్వుతారు. రామాయణం ఆడేటప్పుడు వీళ్ళు ఆధారంగా తీసుకునేది ఎక్కువగా గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం, 13వ శతాబ్దం నాటిది, అంతా ద్విపద. ద్విపద అంటే ఏమిటో ఇంటర్ పుస్తకంలో లక్షణాలు బట్టీ పట్టినవాళ్ళకు తాత నోట విన్నాకే తెలిసింది, రెండేసి పాదాలుగా నడక ఎలా సాగిపోతుందో, ఆడించేవాడి చేతికి ఆ నడక ఎంత అనుకూలమో. చెక్కపలకల మీద వాళ్ళు కూడా తొక్కుతూ ఆ నడక పట్టుకున్నారు.

తాడు మీద కాలం

సంవత్సరాలు చెబితే ఎవరికైనా గుర్తుండవు. చూపు ఉన్న పిల్లలకు గోడ మీద టైమ్‌లైన్ వేస్తారు, మేం నూలు తాడుతో వేశాం. జానెడు తాడు పదేళ్ళు. ముడి వేసిన చోట ఒక సంఘటన, ఆ ముడికి బ్రెయిలీలో కొట్టిన చిన్న అట్టముక్క కట్టాం. 1885 దగ్గర మొదటి పెద్ద ముడి. ఆ ఏడు అప్పటి కడప జిల్లాలోని సురభి అనే ఊళ్ళో, మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలస వచ్చి తోలుబొమ్మలు ఆడించుకునే వనారస కుటుంబం వాళ్ళు, బొమ్మలను పక్కన పెట్టి తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. బొమ్మలాట వాళ్ళు నటులయ్యారు. అక్కడి నుంచి దాదాపు అయిదు జానలు పోతే తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాద. ఇంకో రెండున్నర జానలు పోతే మాయాబజార్ సినిమా వచ్చిన 1957. అక్కడి నుంచి ఆరు జానలు దాటితే మన పక్క ఊరికి పద్మశ్రీ.

ఇదంతా గదిలోనే సరిపోయింది. రంగనాథ రామాయణం ముడి ఎక్కడ వేయాలి అన్నప్పుడు 1885 నుంచి వెనక్కి దాదాపు అరవై జానలు కావాలి, అంటే నలభై అయిదు అడుగులు. తాడు తలుపు దాటి వరండాలోకి పోయింది. ఒక్కొక్కరూ తాడు పట్టుకుని నడుచుకుంటూ అక్కడి దాకా వెళ్ళి వచ్చారు. ఆరు వందల ఏళ్ళ దూరం ఎంతో కాళ్ళకు తెలిసింది. ఈ ఒక్క పనిముట్టుకు అయిన ఖర్చు తాడు, అట్ట, అంతే. ఏ స్కూల్లోనైనా, చూపు ఉన్న పిల్లలతో కూడా చేయొచ్చు, చేయాలని నా కోరిక.

భక్త ప్రహ్లాద ముడి దగ్గర మంచి చర్చ నడిచింది. చాలాకాలం అందరూ అది 1931లో వచ్చిందని రాశారు. సెన్సార్ సర్టిఫికెట్ తేదీ 1932 జనవరి 22 అనీ, బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైంది ఫిబ్రవరి 6న అనీ తర్వాత తేలింది. అందుకని మొదట 1931 దగ్గర ముడి వేసి, ఈ సంగతి చెప్పి, ముడి విప్పి జరపమన్నాను. జరిగింది అంగుళం కూడా కాదు. కానీ చరిత్రలో తేదీ అంటే ఎవరో ఒకరు ఆధారం చూసి నిర్ణయించేదే, కొత్త ఆధారం దొరికితే ముడి జరుగుతుంది అన్నది వాళ్ళ వేళ్ళకు అందింది. ఆ సినిమా దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి, పేరులోనే ఊరు ఉంది. ఇంకో మాట కూడా చెప్పాను, ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. కళ్ళున్నవాళ్ళు కూడా దాన్ని చూడలేరు, ఎవరైనా సరే రాసిన మాటల నుంచే దాన్ని ఊహించుకోవాలి. డిగ్రీ రెండో సంవత్సరం అబ్బాయి ఒకడు, అయితే దీని గురించి పరిశోధన చేయడానికి మనకు ఎవరికన్నా తక్కువేం లేదు కదా సార్, అన్నాడు. వాడు అన్నది అక్షరాలా నిజం.

సురభి పాఠానికి అట్టపెట్టెతో చిన్న రంగస్థలం కట్టాం. ఒకదాని వెనక ఒకటి తెరలు, పక్కన వింగులు, పైన కప్పీలు, తాళ్ళు. సురభి నాటకాల్లో మనుషులు గాల్లో ఎగురుతారు, వాన పడుతుంది, మంటలు లేస్తాయి. అది ఎలా జరుగుతుందో చూసేవాళ్ళకు తెలియకూడదు, మా విద్యార్థులకు మాత్రం తెలియాలి. తాడు లాగితే బొమ్మ లేస్తుంది, కప్పీ ఎటు తిరిగితే అది ఎటు పోతుందో వాళ్ళే లాగి చూశారు. ముందు తరం తెర వెనక నిలబడి బొమ్మను ఆడిస్తే, తర్వాతి తరం పైన తాళ్ళు కట్టి మనుషులనే లేపింది. ఈ సంబంధం నేను చెప్పలేదు, తాడు లాగుతూ లాగుతూ వాళ్ళే అన్నారు. సురభి కుటుంబాలు ఇప్పటికీ ఆడుతున్నాయి, వాళ్ళలో నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళు తరచుగా ఆడే నాటకాల్లో మాయాబజార్ ఒకటి. అక్కడి నుంచి సినిమాకు రావడం ఒక్క అడుగు.

సినిమాను వినడం, సినిమాను చెప్పడం

1957 నాటి మాయాబజార్ గురించి తెలియని తెలుగువాళ్ళు తక్కువ. మా విద్యార్థులకూ పాటలన్నీ నోటికి వచ్చు, ఆ సినిమాను చెవులతో చాలాసార్లు చూసేశారు. అయినా కథలో కొన్ని చోట్ల వాళ్ళకు గుంటలు ఉన్నాయి. వివాహ భోజనంబు పాటలో మాధవపెద్ది సత్యం గొంతు, ఆ నవ్వు అందరికీ తెలుసు, కానీ ఆ పాట మధ్యలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వస్తాయని కొందరికి ఎవరూ చెప్పలేదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని నవ్వారు. ఈ మాట ఒకమ్మాయి మామూలుగానే చెప్పింది, నాకు మాత్రం చాలాసేపు మనసు కుదుటపడలేదు.

కాబట్టి ఆడియో డిస్క్రిప్షన్, అంటే తెర మీద కనిపించేదాన్ని మాటల్లో చెప్పే వర్ణన, మేమే తయారు చేశాం, సినిమా మొత్తానికి కాదు, కొన్ని సీన్లకు. సినిమాలు అందరికీ అందేలా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది, కొత్త సినిమాలకు అవి పనికొస్తాయి, పాత సినిమాలకు ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే. రాసేటప్పుడు మేం పాటించినవి: డైలాగు మీద మాట పడకూడదు, పాట చరణం మీద పడకూడదు, వాద్యం వచ్చే చోటే చెప్పాలి, కనిపించేది చెప్పాలి గానీ అది అందంగా ఉందా భయంకరంగా ఉందా అన్నది చెప్పకూడదు. చెప్పాల్సినదానికి దొరికే జాగా ఒక్కోసారి ఊపిరి పీల్చుకునేంతే. "లడ్డూ ఎగిరి నోట్లో పడింది" అనేది పట్టడానికే చాలా కత్తిరింపులు కావాలి. నిడివి తగ్గించే ఈ పనిలో విద్యార్థులే బాగా సాయం చేశారు, ఏ మాట లేకపోయినా తమకు అర్థమవుతుందో వాళ్ళకే తెలుసు కాబట్టి.

అహ నా పెళ్ళియంట పాట దగ్గర రెండు వర్గాలు అయ్యాయి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు, సుశీల గొంతు నడుస్తుంటే మధ్యలో ఘంటసాల గొంతు దూకుతుంది, లోపలున్న మగవాడు బయటపడిపోతాడు. ఇక్కడ వర్ణన ఒద్దే ఒద్దు, గొంతే అంతా చెబుతోంది అని ఒక వర్గం. గొంతు మారినప్పుడు సావిత్రి ముఖం, నడక ఎలా మారిపోతాయో మాకు చెప్పాలి కదా, దాన్ని మీరు చూస్తున్నారు మేం చూడట్లేదు అని రెండో వర్గం. రెండో వర్గం వాదనే సరైనదని నా అభిప్రాయం. చివరికి పాటను ఒకసారి ఉట్టిగా వినిపించి, రెండోసారి వర్ణనతో వినిపించాం. వర్ణన ఉన్నదీ లేనిదీ రెండూ దగ్గర పెట్టుకుని ఎవరికి కావాల్సింది వాళ్ళు ఎంచుకోవడమే సరైన పద్ధతి అని అప్పటినుంచి అనుసరిస్తున్నాం.

తోలుబొమ్మ పాఠం ఇక్కడ భలే పనికొచ్చింది. తెర మీద పడే సినిమా కూడా వెలుగు దారి గుండా వచ్చే బొమ్మే అని చెబితే, తెర మీద అరచేయి పెట్టిన అనుభవం ఉంది కాబట్టి ప్రొజెక్టర్ ఎలా పనిచేస్తుందో వాళ్ళకు మళ్ళీ వివరించాల్సిన పని పడలేదు. దగ్గర, దూరం, మసక అన్నీ అప్పటికే తెలుసు.

చదువుకునే సామగ్రి సంగతి

ఇది ఎక్కువమంది పట్టించుకోని విషయం, నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తీసుకుంది. నాటకరంగ చరిత్ర మీద తెలుగులో వ్యాసాలు చాలా ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, అంటే పేజీల ఫొటోలు. ఎన్‌వీడీఏ లాంటి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరమే కనిపించదు. టైపు చేసిన ఫైళ్ళు దొరికినా అను అనే పాత అచ్చు ఫాంట్లలో ఉంటే చదివించగానే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షర పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో ఉంటే తప్ప ఫోన్లోని టాక్‌బ్యాక్ గానీ కంప్యూటర్లోని రీడర్ గానీ తెలుగు పలకలేదు. అందుకని స్కాన్లను, ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే గూగుల్ డ్రైవ్ ఓసీఆర్‌లో వేసి యూనికోడ్‌లోకి తెచ్చి, తప్పులు మనుషులే దిద్దాల్సి వచ్చింది, ఒత్తుల దగ్గరా పాత అచ్చులో మసకబారిన పేజీల దగ్గరా తప్పులు బాగా వస్తాయి. పద్యాల్లో ఒక్క అక్షరం పోయినా గణం చెడుతుంది కాబట్టి వాటిని రెండేసి సార్లు చూశాం.

కాపీరైటు గురించి కొందరు భయపెట్టారు. చూపు లేనివాళ్ళు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ అనుమతిస్తుంది. ఇలాంటి పుస్తకాల కోసమే దేశాలు కుదుర్చుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మన దేశమే. సుగమ్య పుస్తకాలయ లాంటి ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఉంది. కాబట్టి దారి ఉంది, తెలుగు సామగ్రిని ఆ రూపంలోకి తెచ్చేవాళ్ళే కావాలి. పబ్లిషర్లు పుస్తకం అచ్చుకు పంపే ముందే యూనికోడ్ ఫైలు ఒకటి దాచి ఉంచితే ఈ కష్టంలో పెద్ద భాగం పోతుంది. దయచేసి దాచండి.

ఒక్కో పాఠాన్నీ మూడు రూపాల్లో ఇచ్చాం, బ్రెయిలీలో ఒక కాపీ, కొద్దిగా చూపు ఉన్నవాళ్ళకు బాగా పెద్ద అక్షరాల్లో లావుగా ముద్రించినది, మిగతా అందరికీ ఫోన్లో వినే చిన్న చిన్న ఆడియో ఫైళ్ళు. ఎక్కువమంది ఆడియో కోరుకున్నారు. కానీ పద్యం దగ్గరకు వచ్చేసరికి బ్రెయిలీ వచ్చినవాళ్ళు బ్రెయిలీనే అడిగారు, అక్షరం అక్షరం వేలి కింద ఉంటే గురువు లఘువు లెక్క తేలుతుందని. అందుకే ఫోన్లు వచ్చాయి కదా ఇక బ్రెయిలీ ఎందుకు అనే మాటకు నేను ఒప్పుకోను.

ఏం నేర్చుకున్నారో ఎలా తెలుస్తుంది

పరీక్ష పెట్టలేదు. ఎవరికి వీలైన రూపంలో వాళ్ళు తిరిగి చెప్పమన్నాం. కొందరు కలిసి కీచకవధలో ఒక సీను రేడియో నాటకంలా రికార్డు చేశారు, చెక్కపలకల చప్పుడుతో సహా. ఒకమ్మాయి దళసరి అట్టతో బొమ్మ కత్తిరించి, దబ్బనంతో నగలకు రంధ్రాలు కొట్టి, దారంతో కీళ్ళు కట్టింది. పక్కనున్న హైస్కూలు పిల్లలను పిలిస్తే, ఆ అమ్మాయే వాళ్ళకు టార్చి వెలిగించి నీడ ఎలా పడుతుందో పాఠం చెప్పింది. చూపు ఉన్న ఆ పిల్లలు కూడా అంతకుముందు తోలుబొమ్మను ముట్టుకోలేదు. ఒకతను మాత్రం ఏ పనీ తీసుకోలేదు, నాకు పురాణాల కథలంటే ఆసక్తి లేదు, మా ఊళ్ళో వాళ్ళు పాడుకునేవి ఇక్కడ లేవు అన్నాడు. న్యాయమైన మాట. అతని మాట పట్టుకునే తర్వాతి బ్యాచ్‌లో బుర్రకథ చేరుస్తున్నాం. గుంటూరు జిల్లా నాజర్ గారు బుర్రకథను ఎలా మలిచారో, అంతకుముందు జంగం కథగా ఏ ఇళ్ళ ముందు పాడేవారో, ఉద్యమాల్లోకి ఎలా వెళ్ళిందో అక్కడి నుంచి మొదలవుతుంది. తంబురా, డక్కీలు, వంతల గొంతులు, అన్నీ చేతికీ చెవికీ నేరుగా అందేవే.

ఇలాంటి కోర్సు పెట్టాలనుకునేవాళ్ళకు బడ్జెట్ గురించి ఒక్క మాట. సామగ్రికి పెద్దగా కాదు, తాడు, అట్ట, గుడ్డ, బల్బు, బ్రెయిలీ కాగితం. ఎక్కువ డబ్బు కళాకారుడికి పోవాలి. ఆయన బొమ్మలను బస్సులో వేసుకుని రానూపోనూ తిరగాలి, ఆ రోజు ఇంట్లో అదే తోలుతో చేసి అమ్ముకునే లాంప్‌షేడ్ల పని ఆగిపోతుంది, తోడుగా గొంతు ఇచ్చే మనిషీ మృదంగం మనిషీ రావాలి. వాళ్ళందరి రోజు డబ్బులూ, ఛార్జీలూ ముందే లెక్కవేసి విడిగా పెట్టండి, సన్మానం శాలువా ఖర్చు అందులో కలపకండి.